గోల్ఫు పోటీని ముంచినవాడి ఊరికి

కోనసీమకి ఎందుకు వెళ్ళావని అడిగినవాళ్ళకి తలొక కారణం చెప్పాను. మా ఆవిడతో పూతరేకుల కోసమన్నాను. పనిచేసేచోట పంటినొప్పి అన్నాను. ధర్మవరంలో ఉన్న మా అన్నకి, అంతర్వేదిలో పాత మొక్కు ఒకటి మిగిలిపోయిందని ఉత్తరం రాశాను. ముగ్గురూ నమ్మారు. నమ్మించడంలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది. అలాగని నన్ను అబద్ధాలకోరు అనుకోకండి. నిజం మా అనంతపురం నేలలాంటిది. ఊరికే వదిలేస్తే ఏమీ పండదు. నేను కాస్త ఎరువు వేస్తాను, అంతే.

ఈసారి మాత్రం, వేసిన ఎరువుని వెనక్కి ఎత్తుకు రావడానికి వెళ్ళాను.

తొంభైల్లో నేను గల్ఫులో, సముద్రం పక్కన ఉన్న ఒక ఊళ్ళో, గోల్ఫు క్లబ్బులో స్టోరు గుమాస్తాని. గోల్ఫు ఎరగనివాళ్ళకి రెండు ముక్కలు: కర్రతో చిన్న బంతిని కొట్టుకుంటూ పోయి, దూరాన జెండా పాతిన గుంటలో వెయ్యాలి. అలాంటి గుంటలు పద్దెనిమిది. గుంట చుట్టూ ఉండే నున్నటి చదునుని గ్రీను అంటారు. మిగిలినదంతా నడక. ఆ నడకకి డబ్బు తీసుకునేవాళ్ళని వృత్తి ఆటగాళ్ళంటారు. అలాంటివాళ్ళు ఏటా ఫిబ్రవరిలో మా క్లబ్బుకి వచ్చి నాలుగు రోజులు పోటీ ఆడేవారు. గెలిచినవాడికి వెండి ఖర్జూరం చెట్టు ఇచ్చేవారు. ఆ పోటీ ఐదేళ్ళు బతికింది.

మొదటి రెండేళ్ళూ మైదానంలో గడ్డిపరక లేదు. గ్రీనులన్నీ వాడేసిన నూనె కలిపిన ఇసకే. ఆ ఇసకని అద్దంలా చదును చేసినవాడు సూరిబాబు. అల్లవరం దగ్గరివాడు. చేతిలో చెక్క, కంట్లో మట్టం, అంతకుమించి సామాను లేదు. సీసాలో బుడగ ఉండే పరికరం పట్టుకుని మా దొర అతని వెనకాలే వెళ్ళి చూసేవాడు. బుడగ తప్పేది కానీ సూరిబాబు తప్పేవాడు కాడు. దొర అంటే మైదానాల పెద్ద. ఎర్రటి ముసలాయన, మాటలు తక్కువ.

మూడో ఏడు విత్తనం తెచ్చి, పైపులేసి, గడ్డి పెంచారు. ఒక్కొక్క గ్రీను ఒక్కొక్కడికి అప్పగించారు. సూరిబాబుది తొమ్మిదోది. ఐదో ఏడు పోటీకి మూడు రోజులుందనగా, తొమ్మిదో గ్రీను గడ్డి కొసలు పసుపెక్కాయి. సూరిబాబు కోనసీమ రైతు. లేత పైరు పసుపెక్కితే ఏం చెయ్యాలో ఆ ప్రాంతంలో పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది: నీళ్ళు కట్టాలి. చుట్టూ చిన్న గట్టు వేశాడు, పైపు వదిలాడు, చీలమండ లోతు నీళ్ళు నిలబెట్టాడు. తెల్లారేసరికి గడ్డి పులిసిన దోసెపిండిలా తయారైంది. అదే మావాడైతే ఎన్నటికీ చెయ్యడు. మా అనంతపురంవాడికి నీళ్ళు నిలబెట్టడమన్న ఊహే రాదు.

పోటీ జరిగింది. తొమ్మిదో గుంట పక్కన తాత్కాలికంగా మరో గుంట తవ్వి ఆడించారు. మరుసటి ఏడు పోటీ లేదు. దానితోపాటు నలభై మంది కోనసీమవాళ్ళకి పనీ లేదు. టిక్కెట్లు చేతిలో పెట్టుకుని క్యాంపులో ఏడుపుమొహాలతో కూర్చున్నవాళ్ళని నవ్విద్దామని నేనొక కథ కట్టాను. సూరిబాబు పోటీని ఎలా ముంచాడంటే, ఒక ఆటగాడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని దిగాడట, బంతి తేలిపోయిందట, దాన్నొక కప్ప గుడ్డనుకుని పొదిగిందట. ఎడారిలో కప్ప ఎక్కడిదంటారా? సూరిబాబు నీళ్ళు కట్టాడంటే అదే వస్తుంది, అమలాపురం నుంచి. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికన్నా గట్టిగా సూరిబాబు నవ్వాడు.

అసలు సంగతి నాకు తెలుసు. డబ్బు పెట్టే కంపెనీ, గాలి చల్లబరిచే మిషన్లు అమ్మేవాళ్ళు, ఇక మావల్ల కాదని ముందు సంవత్సరం దసరా రోజుల్లోనే ఉత్తరం రాసేశారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. నా జీవితంలో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదే తప్పైంది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. హైదరాబాదు శివార్లలో కొత్త గోల్ఫు మైదానం వేస్తున్నారు. సలహాకి వచ్చింది మా పాత దొరే, స్టోరులో నేనే. "ఆ కంటితో మట్టం చూసేవాడు కావాలి" అన్నాడు దొర. ఉత్తరం రాశాను. కార్డు మీద జవాబు వచ్చింది: "స్టోరు గారికి నమస్కారములు. నా వల్ల ఒక పోటీ మునిగి నలభై మంది ఇళ్ళకు పోయినారు. రెండోది ముంచే ఓపిక నాకు లేదు. నేను నీళ్ళ జోలికి పోవడం మానివేసినాను. దొరగారికి నా దణ్ణాలు."

ఆ కార్డు మూడుసార్లు చదివాను. నేను చెప్పినదాన్ని అక్షరం పొల్లుపోకుండా నమ్మిన మనిషి లోకంలో ఒకడున్నాడని తెలిసి, జన్మలో మొదటిసారి నాకు సంతోషం కలగలేదు.

రావులపాలెం

బస్సు గోదావరి దాటగానే నేను కిటికీకి అతుక్కుపోయాను. మా వైపు నీళ్ళు ఊరికి వెలుపల ఎక్కడో ఉంటాయి, బిందె పట్టుకుని మనమే వెళ్ళాలి. ఇక్కడ నీళ్ళే ఇంటిముందుకొచ్చి కూర్చుంటాయి. అప్పుడే కాలవలు వదిలారట. ఒకావిడ వీధి గుమ్మం మెట్టు మీంచే గిన్నెలు తోముతోంది. నా కళ్ళు చెమర్చాయి. పక్కాయన దుమ్ము పడిందా అండీ అని జాలిగా అడిగాడు.

మర్యాద ఇక్కడ గాలిలోనే ఉంది. దిగాల్సినచోట దిగకుండా గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ ఒకాయన్ని కండక్టరు, "అసలు మీకు బుద్ధుందాండీ, గాడిదలాగా అడ్డం నిలబడ్డారేంటండీ" అని తిట్టాడు. ఆయన "ఆయ్" అని ఒప్పుకుని దిగిపోయాడు. మా ఊళ్ళో ఇందులో సగానికే పంచాయితీ పెడతారు.

రావులపాలెంలో అరటి గెలలు రోడ్డు పొడుగునా సైన్యంలా నిలబడి ఉంటాయి. ఎనిమిది రూపాయలిచ్చి ఒక అత్తం, అంటే గెలలో ఒక వరస, చక్రకేళీ పళ్ళు కొన్నాను. అమ్మే ఆయన నల్లగా, పొట్టిగా, మెడలో కండువాతో ఉన్నాడు. మనిషి మాటకారి. నేను ఎవరు, ఎక్కడినుంచి, పిల్లలెందరు అన్నీ లాగాక, ఏం చేస్తుంటారండీ అన్నాడు. గోల్ఫు అన్నాను.

"ఆటాండీ? కర్రతో కొడతారు, అదే కదండీ" అన్నాడు. "మా అల్లవరమాయన ఒకాయన ముంచేసేడండీ దాన్ని. ఆట మొత్తం. ఆటగాళ్ళు రెండు పడవలేసుకుని తిరిగేరంటండి బంతి కోసం."

నేను నోట్లో పెట్టుకున్న పండు అలాగే ఉండిపోయింది. నా కథలో పడవల్లేవు. ఎవరు చెప్పారని అడిగాను. కళ్ళారా చూసినాయన చెప్పేడండీ అన్నాడు. అది అబద్ధమండీ, పడవలు లేవు, చీలమండ లోతే అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, తెలియని సంగతులు మాట్లాడకూడదండీ అన్నాడు మెత్తగా. ఊరడింపుగా మరో రెండు పళ్ళు చేతిలో పెట్టాడు.

కొత్తపేట

ఆ రాత్రికి కొత్తపేటలో ఆగాను. ఊరంతా మామిడి వాసన. నిలువుగా కోసిన కొబ్బరి మామిడికాయకి ఉప్పూకారం రాసి వీధుల్లో అమ్ముతున్నారు. పేరుకి తగ్గట్టే నమిలితే కొబ్బరిలా కరకరలాడుతుంది. నాలుగు తిన్నాను. మా ఆవిడతో రెండని చెప్పాను.

భోజనం ఒక ఇంటి వసారాలో. ముసలావిడ వండుతుంది, పన్నెండు మంది వరసగా కూర్చుని తింటారు, మనిషికి ఇరవై రూపాయలు. పనసపొట్టు కూర, ఆవ పెట్టి. మా వైపు పనసని పండుగానే తింటాం, కాయకి ముళ్ళు చెక్కి, సన్నగా కొట్టి పొట్టు చేసి వండుకోవచ్చని మాకెవరూ చెప్పలేదు. ఇంకొంచెం అని నేననక ముందే ఆవిడ ఇంకొంచెం వేస్తుంది. వద్దంటే నొచ్చుకుంటుంది. కావాలంటే మురిసిపోతుంది. మధ్యస్థంగా ఏదైనా మాట ఉందేమో అని వెతికాను, లేదు.

పులస చేప ఉందా అని అడిగాను. వసారా అంతా ఆగిపోయింది. గోదారికి వరద ఎర్రనీళ్ళు రాకుండా పులసెక్కడిదండీ, అని ఆవిడ నా ఆకులో ఇంకో గరిటె పప్పు వేసింది. తెలివితక్కువవాళ్ళకి ఇక్కడ పప్పు వేస్తారనుకుంటాను.

పక్క ఆకు దగ్గర ఒక మేస్టారు కూర్చున్నారు. అల్లవరం వెళ్తున్నానంటే, గోల్ఫుని ముంచిన సూరిబాబు ఊరికా అన్నారు. ఆయన చెప్పినదాంట్లో పడవలు నాలుగయ్యాయి. ఆ దేశపు రాజుగారు గట్టు మీద నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నారు. అయితే ఆ మేస్టారే చివర్లో ఒక మాటన్నారు: "పాపం, మంచి పనివాడండీ. ఇప్పుడు మాత్రం పొలం బావమరిదికిచ్చేసి కాయలు ఒలుచుకుంటున్నాడు. వంతు నీళ్ళు వచ్చినా కాలవ గట్టుకి రాడు."

ఆకు మడిచి లేచాను. కాయలు ఒలవడమంటే నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయకి డొక్క ఊడదీయడం. మట్టం చూసే కళ్ళు ఆ పనికి అక్కర్లేదు.

తాటిపాక

నేను చెబితే సూరిబాబు నమ్మడన్న భయం నాకు మొదటినుంచీ ఉంది. తోడు కావాలి. రాజోలు పక్కన తాటిపాకలో అబ్బులున్నాడు. క్లబ్బులో వంటవాడు, సూరిబాబుకి ప్రాణస్నేహితుడు. ఇప్పుడు సెంటర్లో టిఫిన్ హోటలు పెట్టాడు. పక్కనే చమురు బావుల పని. నూనె మరకల చొక్కాలతో మనుషులు వచ్చి దిబ్బరొట్టెలు తింటుంటారు. మా మొదటి రెండేళ్ళ గ్రీనుల వాసన ఆ చొక్కాల్లో దొరికింది. ఆ వాసన పీలుస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాను.

అబ్బులు నన్ను చూసి, చేతిలో అట్లకాడతోనే కౌగిలించుకున్నాడు. దిబ్బరొట్టె చేటంత వేశాడు. పెనం మూతపెట్టి, నిప్పులమీద తాపీగా కాల్చింది. పైన కరకర, లోపల దూది. పాత కథలన్నీ తవ్వుకున్నాం. మొదటి ఏడు ఇసక తుఫానొచ్చి జెండాలన్నీ ఒక్కవైపు ఎగిరిపోతే, ఆటగాళ్ళు గుంటలెక్కడో తెలియక వంటింటి పొగ గుర్తుపట్టి తిరిగొచ్చారు. రెండో ఏడు గెలిచినాయన వెండి ఖర్జూరాన్ని నిజంగా కొరికి చూశాడు. నాలుగో ఏడు వానొచ్చింది. వాన కోసం వంటవాళ్ళం, గడ్డివాళ్ళం, దొరతో సహా, బయటికొచ్చి తడిశాం. మా పోటీ చరిత్ర రాసినవాళ్ళెవరూ లేరు. ఉన్నదంతా అబ్బులు పెనం దగ్గరా, నా నోట్లోనూ ఉంది.

అప్పుడు నిజం చెప్పాను. కంపెనీ ఉత్తరం సంగతి. అబ్బులు పెనం దించాడు.

"ఆ కప్ప కథ ఊళ్ళోకి తెచ్చింది నేనేనండి" అన్నాడు. "దిగిన రోజే చెప్పేను. పడవ ఒకటి నేనే కలిపేను. బాగుంటుందని."

ఒక్కటేనా అన్నాను. ఒట్టండీ, ఒక్కటే, రెండోది రావులపాలెంవాళ్ళది అన్నాడు. హోటలు భార్యకి అప్పజెప్పి, చొక్కా మార్చుకుని నాతో బయలుదేరాడు.

అల్లవరం

అమలాపురంలో దిగి ఆటో ఎక్కాం. ఇద్దరి కోసం కట్టిన ఆటోలో తొమ్మిది మంది, ఒక మేకపిల్ల, రెండు పెరుగు కుండలు. మేకపిల్లకి మాత్రమే కూర్చునే చోటు దొరికింది. అల్లవరం చేరేసరికి గాలిలో ఉప్పు తగిలింది. రొయ్యల చెరువులు ఒకవైపు, కొబ్బరి తోటలు ఒకవైపు. ఆటో దిగగానే ఒకాయన అడక్కుండానే బొండం కొట్టిచ్చాడు. నాలుగు రూపాయలే. మా ఊళ్ళో ఇలా కొబ్బరి నీళ్ళు తాగేది జ్వరమొచ్చినవాడే.

సూరిబాబు ఇల్లు పిల్లకాలవకి అవతల. దాటడానికి ఒక తాటి దుంగ. అబ్బులు మాట్లాడుతూనే నడిచి దాటేశాడు. ఆటోలో వచ్చిన ముసలమ్మ నెత్తిన తట్టతో దాటింది. పాడి గేదె పక్కనుంచి ఈదుకుంటూ దాటింది. నేను దుంగ మధ్యలోకి వెళ్ళాక కిందికి చూశాను. అది చెయ్యకూడదు.

నీళ్ళు మెడ దాకా వచ్చాయి. నాకు ఈత రాదు. మా తాలూకాలో ఎవరికీ రాదు, అవసరం పడలేదు. కాళ్ళ కింద బురద అంది గట్టిగా నిలబడ్డాను కాబట్టి ఇది రాస్తున్నాను. అబ్బులు నవ్వుతూ చెయ్యందించేలోపల, అవతలి గట్టు మీంచి ఎవరో కొబ్బరిమట్ట చాచారు. పట్టుకుని పైకొచ్చి చూస్తే, సూరిబాబు. జుట్టు నెరిసింది. చేతులు డొక్కల పీచుతో ఎర్రగా ఉన్నాయి.

"స్టోరు గారాండీ" అన్నాడు. "ఫోను చేస్తే నేనే వద్దును కదండీ."

వాళ్ళావిడ వరలక్ష్మి పొడి తుండు, సూరిబాబు లుంగీ తెచ్చిచ్చింది. గట్టు మీద అప్పటికే పదిమంది చేరారు. ఊళ్ళో ఎవరు కాలవలో పడినా చూడడానికి వెళ్ళడం మర్యాద కాబోలు. అరువు లుంగీలో, జుట్టునుంచి నాచు తీసుకుంటూ, వాళ్ళందరి ముందూ చెప్పేశాను. వాయిదా వేస్తే ధైర్యం ఆరిపోతుందని భయం.

"సూరిబాబూ, ఆ పోటీని నువ్వు ముంచలేదు. నువ్వు నీళ్ళు పెట్టడానికి నాలుగు నెలల ముందే కంపెనీవాళ్ళు ఇక డబ్బు ఇవ్వలేమన్నారు. ఆ ఉత్తరం నేను చూశాను. నలభై మంది పని పోయింది దానివల్ల. నువ్వు పాడుచేసింది ఒక గ్రీను, అంతే."

సూరిబాబు శ్రద్ధగా విన్నాడు. తర్వాత అబ్బులు వైపు తిరిగాడు. "చూసేవా అబ్బులూ, ఎంత మంచోరో. నా కోసం హైదరాబాదు నుంచి వచ్చి కొత్త కథ కట్టేరు."

కథ కాదన్నాను. "ఆయ్" అన్నాడు, పిల్లవాడికి అన్నట్టు. నిజమని అబ్బులు కూడా చెప్పాడు. నీకెవరు చెప్పేరు అని సూరిబాబు అడిగాడు. స్టోరు గారే, అని అబ్బులు ఒప్పుకోవలసి వచ్చింది. గట్టు మీద జనం నవ్వారు. కప్ప కథ కట్టినాయన ఈయనేటండీ అని ఎవరో అడిగారు. వాళ్ళ చూపుల్లో నా మీద గౌరవం పెరిగింది. నా మాట మీద మాత్రం కాదు.

ముప్పై ఏళ్ళు నమ్మించినవాణ్ణి, ఆ పూట పదిమందిలో ఒక్కడినీ నమ్మించలేకపోయాను.

జాడీ

భోజనాలకి కూర్చున్నాం. పీతల పులుసు. పీతని ఎక్కడ కొరకాలో తెలియక నేను అవస్థ పడుతుంటే, వాళ్ళ పదేళ్ళ అమ్మాయి పక్కన కూర్చుని విరిచి పెట్టింది. కొత్త ఆవకాయ తెస్తానని వరలక్ష్మి జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. మూతికి కట్టిన గుడ్డ పసుపుపచ్చగా మెరుస్తోంది. నూలు కాదు. జారుడు గుడ్డ, అంచుకి కుట్టు. నూనె మరకల మధ్య నల్లటి తొమ్మిది అంకె, దాని కింద చిన్న అక్షరాల్లో ఒక సంవత్సరం.

ఆ కుట్టు నాకు తెలుసు. ఆ గుడ్డ నా స్టోరులోది.

ఈ గుడ్డ ఎక్కడిదమ్మా అన్నాను.

"అబ్బులన్నయ్య సెలవుకొచ్చినప్పుడు తెచ్చిన మూటకి కట్టిందండి" అంది వరలక్ష్మి. "పాలపొడి డబ్బా, ఖర్జూరాలు పంపేరు కదా ఈయన, దీని అన్నప్రాశనకి. గుడ్డ గట్టిగా ఉందని దాచేను. ఏటా కొత్త జాడీకి ఇదే కడతానండి."

అన్నప్రాశన ఎప్పుడని అడిగాను. కార్తీకమాసం అంది. నీళ్ళు కట్టిన సంగతి రాస్తూ ఈయన ఉత్తరమెప్పుడు వచ్చిందన్నాను. "శివరాత్రి ఉపవాసం రోజున అందిందండి. అది చదివి రెండ్రోజులు ఉపవాసమే చేసేను" అంది.

అప్పుడు నేను చెప్పాను, ఈసారి మెల్లగా, ఏమీ కలపకుండా. రెండేళ్ళ జెండాలు ఒకేసారి కుట్టిస్తే చవకని నేనే కుట్టించాను. దసరాలో కంపెనీ ఉత్తరం వచ్చాక, రాబోయే ఫిబ్రవరే ఆఖరు, తర్వాతి ఏటి జెండాలు చప్పుడు చెయ్యకుండా వదిలించెయ్యి అన్నారు. గుడ్డపేలికలుగా పంచేశాను. అబ్బులు మూటకి గుడ్డ అడిగితే చేతికందినది ఇచ్చాను. ఏ అంకో చూడలేదు. ఇంతకాలం నాకు గుర్తే లేదు.

అబ్బులు వంగి సంవత్సరం చదివాడు. మేము ఆడని పోటీ సంవత్సరం అది. ఎప్పుడూ జరగని పోటీ జెండా.

అందరికన్నా ముందు వరలక్ష్మికి అర్థమైంది. చేతిలో గరిటె పట్టుకునే, వేళ్ళమీద నెలలు లెక్కపెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"అంటే వచ్చే ఏటి జెండా కార్తీకంలోనే నా ఇంటికి వచ్చేసింది. మీరు నీళ్ళు పెట్టింది మాఘంలో. చచ్చినదాన్ని ఎవరు ముంచుతారండీ?"

సూరిబాబు గుడ్డ ముడి విప్పాడు. రెండు చేతులతో పరిచి చూశాడు. నేను పీతకాలు చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాను.

"నాతో ఆ రోజే చెప్పకపోయేరాండి" అన్నాడు.

చెప్పాలనుకున్నాను అన్నాను. కథకి అందరూ నవ్వుతున్నారు, నవ్వుతుంటే ఆపబుద్ధి కాలేదు అన్నాను. నువ్వు కూడా నవ్వావు కదా అన్నాను.

"నవ్వేనండి. నలభై మంది నవ్వుతుంటే నేను నవ్వకపోతే బాగోదని."

చేతిలో పీతకాలు ఆకులో పెట్టేశాను.

ఆకుమడి

భోజనమయ్యాక సూరిబాబు ఎవరితోనూ మాట్లాడకుండా చూరులోంచి ఒక చెక్క దించాడు. బారెడు పొడుగు, రెండు చివర్లా తాళ్ళు. సాలెపట్టు దులిపి భుజాన పెట్టుకుని నడిచాడు. వెనకాల మేము, మా వెనకాల ఊరు.

ఇంటివెనక ఆకుమడి, అంటే వరినారు పోసే మడి. బావమరిది నీళ్ళు పెట్టి, బురదగా దున్ని దమ్ము చేశాడు. నా కళ్ళకి అద్దంలా ఉంది. సూరిబాబు గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక కన్ను మూశాడు. "ఈశాన్యం మూల రెండు వేళ్ళు పల్లముంది" అన్నాడు. బావమరిది తల గోక్కున్నాడు.

చెక్క మీద బరువు కావాలి. సూరిబాబు మనుషులందరినీ చూసి, నా దగ్గర ఆగాడు. "స్టోరు గారు, మీరు కాస్త నిండుగా ఉన్నారు. కూర్చోండి."

కూర్చున్నాను. అబ్బులూ, బావమరిదీ తాళ్ళు లాగారు. సూరిబాబు వెనక చెయ్యి వేసి నన్ను ఇటు వంచాడు, అటు వంచాడు. ఎక్కడ మెరక ఉంటే అక్కడ నన్ను అదిమాడు. మడి నాలుగుసార్లు తిరిగేసరికి నాకు కళ్ళు, పళ్ళు తప్ప మిగిలినదంతా కోనసీమ అయింది. తప్పు చేసినవాడికి మా ఊళ్ళో జరిమానా వేస్తారు, గుడి చుట్టూ తిప్పుతారు. పనికొచ్చేలా శిక్షించడం ఇక్కడే చూశాను.

చివరికి సూరిబాబు మడి మధ్యలో నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళ తర్వాత, చీలమండ లోతు నీళ్ళలో. నీళ్ళు ఏ మూలకీ కదల్లేదు.

"నాట్లయ్యాక వస్తానని దొరగారికి చెప్పండి" అన్నాడు. "ఈసారి ముందు నీళ్ళు ఎటు పోతాయో చూసేకే గడ్డి ముట్టుకుంటాను."

టీకొట్టు

సాయంకాలం సూరిబాబు మమ్మల్ని కాలవ పక్క టీకొట్టుకి తీసుకెళ్ళాడు. నన్నో కోరిక కోరాడు: కథ పుట్టించింది మీరే కాబట్టి, నిజం అక్కడ మీరే చెప్పండి అని. చెప్పాను. కంపెనీ, ఉత్తరం, జెండా, జాడీ, మాసాలతో సహా చెప్పాను. బల్లల మీదున్నవాళ్ళు మర్యాదగా విన్నారు. అంతా అయ్యాక టీకొట్టాయన, బాగానే ఉందండీ కానీ పాతదే బాగుందండీ అన్నాడు. ఒక పెద్దాయన సూరిబాబు వైపు తిరిగి, ఇంతకీ పడవలెన్నండీ, నాలుగా రెండా అని అడిగాడు.

తొమ్మిదేళ్ళుగా ఆ ప్రశ్న వినపడినప్పుడల్లా సూరిబాబు టీ సగంలో వదిలేసి లేచిపోయేవాడట. ఆ సంగతి అబ్బులు నాకు తర్వాత చెప్పాడు.

సూరిబాబు లేవలేదు. గ్లాసు కింద పెట్టాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"పడవలేంటండీ, పిల్లాటలాగా" అన్నాడు. "పంటు వేసేం. రెండు పడవలు కలిపి, పైన బల్లలు కొట్టి. కార్లు ఎక్కించేం. రాజుగారి ఒంటె ఎక్కనంటే కిందనుంచి నేనే తోసేను."

టీకొట్టు కదిలిపోయింది. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. ముప్పై ఏళ్ళలో నాకు పంటు తట్టలేదు. ఒంటె అస్సలు తట్టలేదు. తాను చెయ్యని పని గురించి మనిషి ఇంత హాయిగా చెప్పగలడని నాకు తెలుసు, కానీ పక్కన కూర్చుని చూడడం అదే మొదటిసారి.

నీళ్ళు ఎంతవరకు వచ్చేయండీ, అని పెద్దాయన అడిగాడు.

సూరిబాబు నా వైపు చూశాడు. జుట్టులో ఇంకా ఆరని నాచు చూశాడు.

"మెడ దాకానండి. ఈ స్టోరు గారే సాక్షి. చెప్పండి స్టోరు గారు."

అందరూ నా మొహం వైపు తిరిగారు.

"ఆయ్" అన్నాను. "మెడ దాకా."